పిల్లికి మందు వేసినా పేలు మళ్ళీ ఎందుకొస్తాయి?

పిల్లి మీద మీకు కనిపించేవి కొన్నే. గెంతే ఈ పేల గుడ్లు జారి, అది పడుకునే గోనెసంచులు, కొబ్బరిపీచు పట్టాలు, మంచం కింద, నేల పగుళ్ళలో పడతాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు పేనుగా మారేముందు తన చుట్టూ గూడు అల్లుకుంటుంది; ఆ గూడులో ఉన్నదాన్ని మందు చంపలేదు. గోదావరి జిల్లాల ఉక్కలో మూడు వారాలకే కొత్త తరం బయటికొస్తుంది. అందుకే పిల్లికీ ఇంటికీ ఒకేసారి చెయ్యాలి, కనీసం మూడు నెలలు వదలకుండా.

ముందు నిర్ధారణ: సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలకల్ని తడి కాగితంపై ఉంచండి. ఎర్రగా కరిగితే అది పేల మలమే. దువ్వెనకు చిక్కినవాటిని సబ్బునీళ్ళలో ముంచండి.

పిల్లుల కోసమే అమ్మే ఫిప్రోనిల్ చుక్కల మందు (సాధారణంగా అర మిల్లీలీటరు పట్టే చిన్న గొట్టం, పిపెట్) మెడ వెనక, నాక్కోలేని చోట, వెంట్రుకలు పాయతీసి చర్మం మీదే నెలకోసారి వెయ్యండి. ముందూ వెనకా రెండ్రోజులు స్నానం వద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లికూనకు మందు వద్దు, దువ్వెనే. చిగుళ్ళు పాలిపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కుక్కల మందు మాత్రం ఎప్పుడూ వాడకండి. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ అనే మందు పిల్లి ప్రాణం తియ్యగలదు. కర్పూరం కూడా విషమే.

పక్కబట్టలు వారం వారం మరిగే నీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. పాత గోనెలు తగలబెట్టండి. వ్యాక్యూమ్ ఉంటే రోజూ వాడండి, ఆ అదురుకు గూళ్ళలోవి బయటపడతాయి. ఇంట్లో కుక్క ఉంటే దానికీ అదే రోజు దాని మందు వెయ్యాలి. పేనును మింగిన పిల్లికి బద్దెపురుగులు పడొచ్చు కాబట్టి బద్దెపురుగుల మందూ అడగండి.