పది రోజులకోసారి ఎదకొచ్చే ఆవు: అండాశయంలో నీటి తిత్తులకు చికిత్స ఎలా?

ప్రశ్న: మా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవు మూడో ఈతలో ఉంది. సెప్టెంబరు రెండో వారంలో ఈనింది. మాయ పడకపోతే మర్నాడు చేయి పెట్టి తీయించాం. రోజుకు 14 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 9కి దిగింది. నవంబరు 26, డిసెంబరు 18, 27, జనవరి 4, 14 తేదీల్లో ఎదకొస్తే అయిదుసార్లూ సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. చూడి కట్టలేదు. చివరి రెండుసార్లు మూడేసి రోజులు అరుస్తూనే ఉంది, పక్క ఆవుల మీద ఎక్కుతోంది. అండాశయంలో నీటి బుడగలు ఉన్నాయని ఊళ్లో సూదులు వేసే గోపాలమిత్ర అన్నారు. చేత్తో చిదిపేస్తే పోతాయని ఒకరు, అమ్మేయమని ఇంకొకరు చెబుతున్నారు. దాణా రోజుకు 4 కిలోలు, నేపియర్ గడ్డి, వరిగడ్డి వేస్తున్నాం. పోయిన ఈతలో పుట్టిన పెయ్య కూడా మా దగ్గరే ఉంది. దానికీ ఈ జబ్బు వస్తుందా? ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, పలమనేరు ప్రాంతం, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు తేదీలు రాసి పంపడం చాలా మేలు చేసింది. సగం సమాచారం వాటిలోనే ఉంది. నవంబరు 26కీ డిసెంబరు 18కీ మధ్య 22 రోజుల తేడా ఉంది. ఆవు 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎదకు రావడం సహజం కాబట్టి మొదటిసారి అండం విడుదలై, చూడి మాత్రం కట్టలేదనుకోవచ్చు. తేడా వచ్చింది ఆ తర్వాతే. 9 రోజులకు, 8 రోజులకు, 10 రోజులకు ఎద వస్తోంది, వస్తే మూడు రోజులు పోవడం లేదు. మామూలు ఎద 12 నుంచి 18 గంటలు మించదు. ఈ లక్షణాలు నీటి తిత్తినే సూచిస్తున్నాయి. అయినా చేతి పరీక్షతోనో, స్కానింగ్‌తోనో తేలేవరకు మందు వేయించకండి. ఎందుకో కింద చెబుతాను.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. అండాశయంలో అండం ఒక నీటి పొక్కులో పెరుగుతుంది. దీన్ని ఫాలికిల్ అంటారు. ఆవులో అది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లకు పెరిగేసరికి అందులోంచి ఈస్ట్రోజెన్ అనే హార్మోను బాగా ఊరి, పశువు ఎద చూపుతుంది. అదే ఈస్ట్రోజెన్ మెదడుకు సంకేతం పంపితే ఎల్.హెచ్. అనే హార్మోను ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో విడుదలవుతుంది. ఎద ముగిశాక 10–12 గంటలకు పొక్కు పగిలి అండం బయటికొస్తుంది. పగిలిన చోట కార్పస్ లూటియం ఏర్పడి, చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్‌ను ఇస్తుంది. తిత్తి ఉన్న ఆవులో ఈ వరుస మధ్యలో తెగిపోతుంది. ఈస్ట్రోజెన్ ఎంత ఉన్నా మెదడు స్పందించదు, ఎల్.హెచ్. రాదు, పొక్కు పగలదు. రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటి, ఒక్కోసారి నిమ్మకాయంత అయ్యి, పది రోజులకు పైగా అలాగే ఉండిపోతుంది. ఈస్ట్రోజెన్ తగ్గదు కాబట్టి ఆవు మాటిమాటికీ ఎద చూపుతుంది. ఎద కనిపిస్తోంది కానీ అండం విడుదల కావడం లేదు. అందుకే డిసెంబరు 27 నుంచి వేయించిన సూదులన్నీ వృథా అయి ఉంటాయి. ఇకపై ఇలా వచ్చే ఎదలకు సూది వేయించకండి.

తిత్తులు రెండు రకాలు. పైన చెప్పింది పలుచటి గోడ ఉన్న ఫాలిక్యులర్ తిత్తి. రెండోది లూటియల్ తిత్తి. దీని గోడ మందంగా, సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించి ఉంటుంది. ఇది ప్రొజెస్టిరాన్ ఇస్తుంది కాబట్టి పశువు అసలు ఎదకే రాదు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఫాలిక్యులర్ తిత్తి ఉన్న ఆవులన్నీ అరుస్తూ తిరగవు. చాలా ఆవులు ఏ ఎదా చూపకుండా మౌనంగా ఉంటాయి. కాబట్టి ఎదకు రావడం లేదంటే లూటియల్ తిత్తే అనుకోవడానికి లేదు. ఇవి కాక, లోపల కొద్దిగా నీరున్న కార్పస్ లూటియం కూడా చేతికి తిత్తిలాగే తగులుతుంది. అది జబ్బు కాదు, చూడి ఆవులోనూ ఉంటుంది. దాన్ని తిత్తి అనుకుని మందు వేస్తే ఉన్న చూడి పోయే ప్రమాదం ఉంది.

అందుకే మొదటి పని చూడి పరీక్ష. మీ ఆవు డిసెంబరు 18 సూదికి కట్టి ఉండే అవకాశం తక్కువే, కానీ లేకపోలేదు. చూడితో ఉన్న ఆవుల్లో కొన్ని ఎద చూపుతాయి. స్కానింగ్‌లో 30 రోజులు దాటిన చూడి తెలుస్తుంది, తిత్తి గోడ మందం కూడా అప్పుడే కొలవొచ్చు. మీకు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. అంతదూరం తీసుకెళ్లలేకపోతే మీ పశువైద్యాధికారి చేతి పరీక్ష చేసి, 7 నుంచి 10 రోజుల తర్వాత మళ్లీ చేయాలి. అదే అండాశయంలో, అదే చోట, అదే సైజులో పొక్కు ఉండి, కార్పస్ లూటియం ఎక్కడా లేకపోతే తిత్తి అని నిర్ధారించొచ్చు. ఒక్కసారి చేయి పెట్టి చూసి చెప్పేదాన్ని పూర్తిగా నమ్మలేం. బాగా అనుభవం ఉన్నవారికి కూడా రెండు రకాల తిత్తుల తేడా చేతికి తెలియకపోవచ్చు.

అదే పరీక్షలో గర్భాశయాన్నీ చూడమనండి. మాయ చేయి పెట్టి తీసిన ఆవు కదా. తీగల్లో (ఎదలో యోని నుంచి కారే జిగట ద్రవంలో) తెల్లటి చీము నలకలు కనిపించినా, తీగలు మబ్బుగా ఉన్నా గర్భాశయానికి ముందు చికిత్స జరగాలి. గర్భాశయంలో వాపు మిగిలిన ఆవుల్లో తిత్తులు రావడం ఎక్కువ. తిత్తి పోయినా ఆ వాపు ఉంటే చూడి నిలవదు. తోక మొదలు పైకి లేచి రెండు పక్కలా గుంటలు పడ్డాయేమో మీరే చూడండి. అలా ఉంటే తిత్తి పాతబడి, ఈస్ట్రోజెన్ వల్ల అక్కడి కండరబంధాలు సడలిపోయాయని అర్థం.

ఇక చిదిపేయడం గురించి. వద్దు. ఒకప్పుడు ఇలా చేసేవారు. మలద్వారం గుండా అండాశయాన్ని నలిపితే రక్తస్రావం జరుగుతుంది. గడ్డకట్టిన రక్తం మానేటప్పుడు అండాశయం పక్కనున్న పొరలకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నాక అండం విడుదలైనా నాళంలోకి చేరదు, ఆ పక్క ఇక పనికిరాదు. అదీగాక, పొక్కు పగిలినా మెదడులోని లోపం మిగిలే ఉంటుంది, కొన్నాళ్లకు మరో తిత్తి తయారవుతుంది.

ఫాలిక్యులర్ తిత్తి అని తేలితే వాడేది ఎల్.హెచ్.ను విడుదల చేయించే జి.ఎన్.ఆర్.హెచ్. రకం హార్మోను. మన దగ్గర ఎక్కువగా దొరికేది బ్యూసరెలిన్. మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాముల మందుంటే తిత్తికి 5 మిల్లీలీటర్లు, అంటే 20 మైక్రోగ్రాములు కండలోకి ఇవ్వాలి. సూది వేసేటప్పుడు ఇచ్చే రెండున్నర మిల్లీలీటర్ల మోతాదునే తిత్తికీ ఇచ్చి పని కాలేదనడం తరచూ వింటుంటాం. సీసా మీద బలం చూసి, మోతాదు పశువైద్యుడే నిర్ణయించాలి. బ్యూసరెలిన్ దొరకకపోతే ఎల్.హెచ్. లాగే పనిచేసే హెచ్.సి.జి. 3000 యూనిట్ల వరకు ఇస్తారు. ఇది పొడి రూపంలో వస్తుంది, ఫ్రిజ్‌లో ఉండాలి, ఎండలో తెచ్చిన సీసా పనిచేస్తుందన్న భరోసా లేదు.

ఈ ఇంజక్షన్‌తో తిత్తి పగిలిపోతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా పగలదు. దాని గోడ మందమై ప్రొజెస్టిరాన్ ఇవ్వడం మొదలుపెడుతుంది, లేదా పక్కనే ఉన్న మంచి ఫాలికిల్ ఒకటి పగిలి కార్పస్ లూటియం ఏర్పడుతుంది. ఏది జరిగినా మెదడు మళ్లీ దారిలో పడుతుంది. కాబట్టి వారం తర్వాత పరీక్షలో బుడగ ఇంకా తగులుతోందని మందు పనిచేయలేదనుకోవద్దు. ఇంజక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎద లక్షణాలు కొనసాగినా కంగారు పడొద్దు, అప్పుడు సూదీ వేయించొద్దు.

ఆ తర్వాత రెండు దారులున్నాయి. ఏమీ చేయకుండా ఎదురుచూస్తే సుమారు మూడు వారాలకు సహజమైన ఎద వస్తుంది. రోజులు కలిసి రావాలంటే ఏడో రోజున కార్పస్ లూటియంను కరిగించే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు వేయించాలి. క్లోప్రోస్టినాల్ అయితే 500 మైక్రోగ్రాములు, అంటే సాధారణంగా 2 మిల్లీలీటర్లు. మీ ఆవుకు నేనైతే ఈ రెండో దారే ఎంచుకుంటాను, ఎందుకంటే దాని ఎదను ఇప్పుడు కంటితో చూసి నమ్మలేం. లెక్క ఇలా ఉంటుంది: సోమవారం ఉదయం 8 గంటలకు బ్యూసరెలిన్ 5 మిల్లీలీటర్లు. పై సోమవారం ఉదయం 8కి ప్రోస్టాగ్లాండిన్. బుధవారం సాయంత్రం 4 గంటలకు బ్యూసరెలిన్ రెండున్నర మిల్లీలీటర్లు. గురువారం ఉదయం 8కి, ఎద కనిపించినా కనిపించకపోయినా సూది. బుధవారం సాయంత్రపు ఇంజక్షన్ మర్నాటికి వాయిదా పడితే అండం విడుదలకూ వీర్యానికీ పొంతన కుదరదు. సెలవులు, ఊళ్లో జాతర చూసుకుని మొదటి సోమవారాన్ని ఎంచుకోండి. డాక్టరు గారు, గోపాలమిత్ర ఇద్దరూ ఆ వారం అందుబాటులో ఉంటారో లేదో ముందే అడగండి.

లూటియల్ తిత్తి అయితే ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే చాలు. మూడు నుంచి అయిదు రోజుల్లో ఎదకొస్తుంది. ఉదయం ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఫాలిక్యులర్ తిత్తికి మొదట్లోనే ప్రోస్టాగ్లాండిన్ వేస్తే ఏ ఫలితమూ ఉండదు, కరిగించడానికి అక్కడ కార్పస్ లూటియమే లేదు కదా. చూడి ఆవుకు పడితే ఈసుకుపోతుంది, అంటే చూడి పోతుంది. ఈ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. ఇంట్లో గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు సీసాను, సిరంజిని ముట్టుకోకూడదు.

మొదటి చికిత్సకు చాలా ఆవులు దారిలో పడతాయి, అయితే ఆ ఎదకే అన్నీ చూడి కట్టవు. సూది వేసిన 30–35 రోజులకు స్కానింగ్, లేదా 60 రోజులకు చేతి పరీక్ష చేయించండి. మళ్లీ తిత్తే కనిపిస్తే ప్రొజెస్టిరాన్ పరికరాన్ని యోనిలో 7 నుంచి 9 రోజులు ఉంచే పద్ధతి ఉంది. ప్రొజెస్టిరాన్ కొన్నాళ్లు ఒంట్లో ఉంటే మెదడు ఈస్ట్రోజెన్‌కు తిరిగి స్పందించడం మొదలుపెడుతుంది. పరికరం తీసే రోజున ప్రోస్టాగ్లాండిన్ ఇస్తారు, రెండు మూడు రోజుల్లో ఎద వస్తుంది. ఖర్చు కాస్త ఎక్కువే కానీ మొండి కేసుల్లో ఇది బాగా పనిచేస్తుంది.

మేత విషయానికొస్తే, మీ ఆవు 14 లీటర్లు ఇచ్చేటప్పుడు 4 కిలోల దాణా చాలలేదు. నేపియర్, వరిగడ్డి మీద ఉన్న ఆవుకు ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున లెక్కేస్తే 7 కిలోలు కావాలి. ఆ మూడు కిలోల లోటును అది ఒంట్లో కొవ్వు కరిగించి పూడ్చుకుంది. ఈనిన మొదటి రెండు నెలల్లో ఇలా చిక్కిన ఆవుల్లోనే ఎల్.హెచ్. సరిగా రాక తిత్తులు ఏర్పడటం ఎక్కువ. ఇప్పటి 9 లీటర్లకు 5 కిలోలు ఇవ్వండి, రెండు మూడు రోజులకు అర కిలో చొప్పున పెంచండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు దాణాలో కలపండి. బూజు పట్టిన మొక్కజొన్న తక్కువకు వస్తోందని కొనొద్దు. ఆ బూజులో ఒక రకం విషానికి ఈస్ట్రోజెన్ గుణం ఉంటుంది, ఎద క్రమాన్నే తారుమారు చేస్తుంది. మొలకెత్తిన శనగలు, కరివేపాకు పెడితే నష్టమేమీ లేదు, అయితే వాటి మీద నమ్మకంతో చికిత్స రెండు నెలలు వాయిదా వేయొద్దు.

అమ్మేయాలా అంటే, ఇప్పుడే అక్కర్లేదు. మూడో ఈతలో ఉన్న 14 లీటర్ల ఆవు అది. ఈ చికిత్సకయ్యే ఖర్చుతో పోలిస్తే దాని బదులు ఇంకో ఆవును కొనడం చాలా భారం. రెండు విడతల చికిత్స సరైన మోతాదుల్లో జరిగాక కూడా తిత్తి తిరగబెడితే, లేదా అండాశయం అతుక్కుపోయిందని పరీక్షలో తేలితే, పాలు ఉన్నన్నాళ్లు పితుక్కుని తర్వాత ఆలోచించండి.

పెయ్యకు తప్పకుండా వస్తుందని చెప్పలేం. ఈ లక్షణానికి వంశపారంపర్యం కొంత ఉంది. స్వీడన్‌లో ఇలాంటి ఆవులు ఎక్కువగా పుట్టిన వంశాల కోడెలను పక్కనపెట్టడంతో, 1954లో దాదాపు 11 శాతం ఆవుల్లో ఉన్న తిత్తులు 1961 నాటికి 5 శాతానికి తగ్గాయి. మీ ఆవుకు ఈ ఈతలోనే మొదటిసారి వచ్చింది, అదీ మాయ ఇబ్బంది, మేత లోటు ఉన్నప్పుడు. పెయ్యను నిశ్చింతగా పెంచుకోండి. తల్లికి వచ్చే ఈతలో కూడా ఇదే తంతు అయితే దాని ఆడదూడలను పాడికి ఉంచుకోవచ్చుగానీ, దాని కోడెదూడను మాత్రం ఊళ్లో ఆవులకు దాటించడానికి ఇవ్వకండి.

వచ్చే ఈతలో ఈనిన 40–45 రోజులకు ఒకసారి పరీక్ష చేయించండి. ఈనిన మొదటి నెలన్నరలో కనిపించే తిత్తుల్లో చాలావరకు వాటంతటవే పోతాయి కాబట్టి అంతకుముందు తొందరపడి హార్మోన్లు వేయించనక్కర్లేదు. ఆ తర్వాతా ఉంటే ఆలస్యం చేయకండి. పాతబడేకొద్దీ చికిత్సకు లొంగడం తగ్గుతుంది. ఇదే సందేహం గేదెల గురించి అడిగేవారికి: గేదెల్లో తిత్తులు తక్కువ. గేదె ఎదకు రావడం లేదంటే ఎక్కువసార్లు అది (లక్షణాలు బయటికి కనిపించని) మూగ ఎదో, పనిచేయని అండాశయమో అయి ఉంటుంది. వాటి చికిత్స వేరు, పై మోతాదులను గేదెకు వర్తింపజేయకండి.