గ్రాఫిక్స్ కార్డు కీచుమంటోంది, మార్చాలా?

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం అసెంబుల్ చేయించుకున్న పీసీలో గేమ్ మొదలుపెట్టగానే గ్రాఫిక్స్ కార్డు వైపు నుంచి సన్నగా కీచుమనే శబ్దం వస్తోంది. ఆటలోకి వెళ్లాక తగ్గుతోంది, మెనూ తెరిస్తే మళ్లీ పెరుగుతోంది. నెల రోజులుగా మామూలుగా వీడియోలు చూస్తున్నప్పుడు కూడా మధ్యమధ్యలో కొన్ని సెకన్లు గరగరమని ఆగిపోతోంది. కార్డు పోయే ముందే మార్చేయమని షాపులో చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు రాసిన రెండు శబ్దాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నట్టు లేదు. మొదటిదాని కోసం కార్డు మార్చనక్కర్లేదు. రెండోదానికి మార్చాల్సి వస్తే బహుశా ఫ్యాన్ ఒక్కటే. శబ్దం ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందన్నది చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఆ వివరం మీరే రాశారు కాబట్టి నా పని సులువైంది.

కీచుమనేది కార్డు మీద ఉండే కాయిల్స్, అంటే తీగ చుట్టలు. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే 12 వోల్టులను చిప్‌కు కావలసిన సుమారు 1 వోల్టుకు తగ్గించే భాగంలో ఇవి ఉంటాయి. వోల్టేజీ అంతగా తగ్గుతుంది కాబట్టి చిప్ 200 వాట్లు వాడుతోందంటే దాదాపు 200 ఆంపియర్ల కరెంటు ఈ కాయిల్స్ గుండా పంచుకుని వెళ్లాలి. ఆ కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దాని అయస్కాంత బలానికి కాయిల్ కంటికి కనిపించనంత సన్నగా అదురుతుంది. ఈ భాగం సెకనుకు కొన్ని లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ పనిచేస్తుంది గనుక ఆ అదురు మన చెవికి అందకూడదు. మనం వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ వరకే. అయితే చిప్ ప్రతి ఫ్రేమ్ (తెర మీది ఒక్కో బొమ్మ) గీసేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగి, మరుక్షణం తగ్గిస్తుంది. మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, హద్దు పెట్టకపోతే కార్డు సెకనుకు వెయ్యి ఫ్రేములైనా గీసేస్తుంది. సెకనుకు వెయ్యి సార్లు కరెంటు ఎగసి పడితే ఆ లయ సరిగ్గా మన చెవి పట్టుకునే పరిధిలోకి వస్తుంది. అసలు ఆటలో ఫ్రేములు వందకు అటూ ఇటూ తగ్గిపోవడంతో ఆ సన్నటి కీచు కూడా తగ్గిపోతుంది.

నిర్ధారించుకోవడం తేలిక. ఎన్‌విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్‌లో ‘మేనేజ్ 3డీ సెట్టింగ్స్’ కింద ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’ను 60గా పెట్టండి, ఏఎమ్‌డీ అయితే ‘రేడియాన్ చిల్’ అదే పని చేస్తుంది. మెనూలో కీచు తగ్గితే అది కాయిల్ శబ్దమే. ఆ తర్వాత ఆ హద్దును మీ మానిటర్ రిఫ్రెష్ రేటుకు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ సంఖ్యకు) పెంచి అలాగే వదిలేయండి, ఎందుకంటే అంతకు మించి గీసిన ఫ్రేములు పూర్తిగా తెర మీదకు రావు, కరెంటు బిల్లుకు మాత్రం వస్తాయి. ఈ శబ్దం కార్డు పాడైపోతోందనడానికి గుర్తు కాదు, అందుకే చాలా కంపెనీలు దీన్ని వారంటీ లోపంగా ఒప్పుకోవు. 2021 జులైలో ‘న్యూ వరల్డ్’ గేమ్ బీటా ఆడుతుండగా కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చనిపోయినప్పుడు వేళ్లన్నీ మెనూలో హద్దులేని ఫ్రేముల వైపే చూపాయి. కానీ ఆ కార్డుల్లో టంకం సరిగా లేదని వాటిని తయారుచేసిన కంపెనీ ఈవీజీఏ తర్వాత చెప్పి, వాటిని మార్చి ఇచ్చింది.

ఒక్క జాగ్రత్త: ఎస్‌ఎంపీఎస్‌లోనూ కాయిల్స్ ఉంటాయి. పాత క్యాలెండర్ కాగితం గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, రెండో కొస క్యాబినెట్ బయటే ఒక్కో భాగానికి ఎదురుగా పెట్టి వింటే ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడే బర్రుమంటే అనుమానం కార్డు మీద కాదు, ఇన్వర్టర్ ఇచ్చే స్క్వేర్ వేవ్ (నున్నటి అలలా కాక మెట్టులా ఎగిరిపడే కరెంటు) మీద పెట్టుకోవాలి.

ఇక గరగర. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి చిప్ వేడి సుమారు 50–60 డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్లు తిరగవు. వీడియో చూస్తుంటే వేడి ఆ గీత దగ్గరే ఊగిసలాడి, ఫ్యాన్లు కాసేపు తిరిగి మళ్లీ ఆగుతాయి. బేరింగ్ అరిగినా, లోపల నూనె ఎండినా అది మొదట బయటపడేది ఇలా తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే. ‘ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ వేగాన్ని ఆటో నుంచి తీసేసి, 30 శాతం నుంచి మెల్లగా పెంచుతూ వినండి. వేగంతో పాటు శబ్దమూ మారితే దోషం ఫ్యాన్‌దే. పీసీ ఆపి, ప్లగ్ తీసి, రెక్కలను వేలితో తిప్పి చూడండి: వైరేదైనా తగులుతోందా, బరువుకు కార్డు కిందికి వంగి రెక్క తొడుగును రాస్తోందా, ఇరుసు కదులుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోవడం మరవకండి, లేకపోతే గాలి ధాటికి అవి మితిమీరిన వేగంతో తిరిగి ఉన్న బేరింగ్ కూడా పోతుంది.

నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది గానీ అది మరమ్మతు కాదు. చాలా కార్డులకు మూడేళ్ల వారంటీ ఉంటుంది కాబట్టి మీది ఇంకా నడుస్తూ ఉండవచ్చు. బిల్లు చూసుకోండి, స్క్రూల మీద స్టిక్కర్ చించకండి, శబ్దం వస్తున్నప్పుడు ఫ్యాన్ వేగం తెర మీద కనిపించేలా వీడియో తీసి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే నేరుగా చూపించండి. వారంటీ దాటి ఉంటే ఫ్యాన్ మధ్యలోనో వెనకనో అంటించిన స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో వెతికితే అదే కొలత ఫ్యాన్ దొరుకుతుంది, కొత్త కార్డు ధరలో అదెంతో ఉండదు. అది వచ్చేలోగా ఫ్యాన్లు ఆగీ ఆగీ తిరగకుండా ఆఫ్టర్‌బర్నర్‌లోనే 30 శాతం దగ్గర స్థిరంగా ఉంచండి. ఏ ఫ్యాన్ అయినా పూర్తిగా తిరగడం మానేస్తే మాత్రం గేమ్స్ ఆపేయండి.