చలి ముదరకముందే

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కాలువ అవతల హోటన్ ఊరి గట్టు మీద మేపుల్ చెట్లు ఎర్రగా మండిపోతున్నాయి. ఇరవై ఆరేళ్ళు చూసిన దృశ్యమే అయినా, కాకినాడలో కూర్చుని చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. మిషిగన్‌లో, మన హాంకాక్ ఊళ్ళో ఆ రంగులు ఉండేది రెండు మూడు వారాలే. ఆలోపే ఇంటి పనులు తెమలాలి.

మా మొదటి ఏడాది పెరటి కుళాయికి తగిలించిన గొట్టం తీయకుండా వదిలేశాం. లోపల నిలిచిన నీళ్ళు గడ్డకట్టి పైపు చీలింది. ఏప్రిల్‌లో మంచు కరిగాక కుళాయి తిప్పితే గానీ ఆ సంగతి తెలియలేదు. గోడ లోపల్నుంచి నీళ్ళు కారి బేస్‌మెంట్‌లో రెండు బియ్యం బస్తాలు నానిపోయాయి. అందుకే ముందు గొట్టం విప్పెయ్యి. వాషింగ్ మెషీన్ వెనక గోడకి ఎర్ర పిడి ఉన్న వాల్వ్ ఉంటుంది, దాన్ని కట్టెయ్యి. తర్వాత బయటికెళ్ళి కుళాయి తెరిచి వదిలేస్తే మిగిలిన నీళ్ళు కారిపోతాయి.

డాలస్‌లో నువ్వు చూసిన మంచు వేరు, ఇది వేరు. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి సుపీరియర్ సరస్సు మీదుగా దాటుతూ, ఇంకా వెచ్చగా ఉన్న నీళ్ళ నుంచి తేమ లాక్కుంటుంది. గట్టు ఎక్కగానే అదంతా మన నెత్తిన కుమ్మరిస్తుంది. అందుకే తుఫాను లేకపోయినా రోజుల తరబడి పడుతూనే ఉంటుంది. యు.ఎస్. 41 హైవే మీద ఉత్తరానికి వెళ్తే రోడ్డు పక్కన పెద్ద మంచు కొలబద్ద కనిపిస్తుంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని దాని మీద రాసి ఉంటుంది. ముప్పై రెండు అడుగుల పైమాటే!

గరాజ్‌లో గోడకి ఆనించి ఉన్న పెద్ద రేకు తట్టలాంటిదాన్ని అక్కడివాళ్ళు యూపర్ స్కూపర్ అంటారు. మంచుని ఎత్తక్కర్లేదు, దాంతో తోసుకుపోవడమే. నడుం జాగ్రత్త. మంచు పడ్డ ప్రతిసారీ, వాకిలి కంటే ముందు ఇంటి పక్క గోడలోంచి బయటికొచ్చిన తెల్ల గొట్టాల దగ్గర తవ్వు. అవి ఇల్లు వెచ్చచేసే ఫర్నేస్ గాలి గొట్టాలు. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం బ్యాటరీలు ఈ వారమే మార్చు.

కారు రాత్రిపూట వీధిలో పెట్టకు, మంచు తోసే బండి వస్తుంది. వింటర్ టైర్లకి ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకో. మొదటి మంచు పడ్డాక దొరకదు.

ఇక ఐస్ సంగతి. కాలువ గడ్డకట్టగానే జనం చేపలు పట్టడానికి చిన్న చిన్న గుడిసెలు లాక్కుని వెళ్తారు. వాళ్ళని చూసి నువ్వు దిగకు తల్లీ. గట్టి ఐస్ నీలంగా, అద్దంలా ఉంటుంది. అది నాలుగు అంగుళాలన్నా లేనిదే మనిషి కాలు పెట్టకూడదు. పాలలా తెల్లగా కనిపించేది బలహీనం. మంచు కప్పితే అడుగున ఏముందో తెలియదు. లిఫ్ట్ బ్రిడ్జి కింద నీళ్ళు కదులుతుంటాయి, అక్కడికి ఎప్పుడూ వద్దు. ఆశగా ఉంటే పక్కింటి ఫిన్నిష్ పెద్దాయన్ని అడుగు. ఆయన రంధ్రం వేసి కొలిచి, సరే అంటేనే వెళ్ళు.

డిసెంబరు చివర్లో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు. ఆ దిగులు నాకు బాగా తెలుసు. ఇంట్లో ముడుచుకోకు, మధ్యాహ్నం పావుగంటైనా నడువు. ఆ పెద్దాయన భార్య సౌనాకి, అంటే వాళ్ళ వేడి గది స్నానానికి, పిలిస్తే మొహమాటపడకు. జనవరిలో అక్కడి ఫిన్నిష్ వాళ్ళు హెయికిన్‌పైవా పండగ చేస్తారు. నిద్రపోతున్న ఎలుగుబంటి ఆ రోజు పక్కకి తిరిగి పడుకుంటుందని, అంటే చలికాలం సగం గడిచిందని వాళ్ళ నమ్మకం. తప్పకుండా వెళ్ళు.

కరివేపాకు కుండీ ఇంకా వరండాలోనే కనిపించింది. ఈ రాత్రే లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెట్టు. నీళ్ళు తక్కువ పోయాలి, వారానికోసారి చాలు. ఆకులు రాలితే భయపడి పారెయ్యకు, మార్చిలో మళ్ళీ చిగురేస్తుంది.

ఆ ఎర్ర పిడి వాల్వ్ కట్టేశాక నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా పర్లేదు.

మీ పెద్దమ్మ