కారు తాళంలో సెల్లు మార్చడానికి డీలరు దగ్గరికి వెళ్ళకమ్మా

అమ్మా, సెల్లు మార్పించడానికి డీలరు దగ్గర తీసుకున్న ఆ అపాయింట్‌మెంట్ ముందు రద్దు చేసెయ్యి. నీ కారు తెర మీద వచ్చిన హెచ్చరిక తాళంలో సెల్లు, అంటే చిన్న బ్యాటరీ, నీరసించిందని, అంతే. తాళమూ పాడవలేదు, కారూ పాడవలేదు. బల్లపరుపు మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవరు, ఒక బిళ్ళ సెల్లు ఉంటే నీ వంటగదిలోనే అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

మీ నాన్నగారు నిన్న రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు వచ్చారు. కాఫీ తాగుతూ "అక్కడ నలభై డాలర్లు అడుగుతున్నారంటండీ, ఇచ్చెయ్యమందామా?" అన్నారు. వద్దని చెప్పాను. సంక్రాంతికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను, తీరిక ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. నీలాగే ఈ ఏడాది అమెరికా వెళ్ళిన మన గోదావరి జిల్లాల పిల్లలందరూ చదువుకోండి. మీరు ఫోన్‌లో అన్నీ వెతుకుతారు గానీ, డబ్బు ఎక్కడ కారిపోతోందో మాత్రం వెతకరు.

నేను వెళ్ళిన కొత్తలో మిషిగన్‌లో ఉండేవాణ్ణి. పాత కారు, దానికి ఒకటే తాళం. మొదటి చలికాలం, సరుకులు కొనుక్కుని పార్కింగ్‌లోకి వస్తే తలుపు తెరుచుకోలేదు. మీట ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చలిలో ఈ సెల్లుల సత్తువ మరీ తగ్గిపోతుందని అప్పటికి నాకు తెలీదు. ఆ ప్లాస్టిక్ తాళం కడుపులోనే మామూలు ఇనప తాళం ఒకటి దాక్కుని ఉంటుందని కూడా ఎవరూ చెప్పలేదు. కారు పాడైందనుకుని బండి లాక్కెళ్ళేవాళ్ళని పిలిచాను. డీలరు దగ్గర కౌంటరు వెనక కుర్రాడు తాళం పక్కనున్న చిన్న మీట జరిపి ఇనప తాళం లాగాడు, ఆ సందులో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు, పాత బిళ్ళ తీసి కొత్తది వేశాడు. నేను చేతికున్న గ్లవ్స్ తీసేలోపే పని అయిపోయింది. లాక్కొచ్చిన బండికీ, ఇతనికీ కలిపి నూట యాభై డాలర్లు వదిలాయి. డాలరు అరవై రూపాయలున్న రోజులు. తొమ్మిది వేలు! మా నాన్నగారు ఆ డబ్బుతో దాళ్వా పంటకి ఎరువులు కొనేవారు. అప్పటికి నా చదువు కోసం పొలం కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి, నెలనెలా వడ్డీ నడుస్తోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

మరునాడే కారుతో వచ్చిన పుస్తకం తీశాను. సెల్లు ఎలా మార్చాలో బొమ్మలు వేసి మరీ ఉంది అందులో. వారంటీ పోతుందేమోనని భయపడే పిల్లలున్నారు. కంపెనీవాళ్ళే పుస్తకంలో చెప్పిన పనికి వారంటీ ఎందుకు పోతుంది? అనుమానం ఉంటే ఆ పేజీ ఒకసారి చూసుకోండి.

ఈలోగా సెల్లు పూర్తిగా చచ్చిపోయినా కంగారుపడకు. ఇనప తాళంతో తలుపు తెరుచుకో. అలారం మోగినా బెదరకు, కారు స్టార్టయితే ఆగుతుంది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో తాళాన్ని ఆ బటన్‌కి ఆనించాలి. టయోటాల్లో చాలావాటికి బ్రేక్ తొక్కి, తాళం మీద కంపెనీ గుర్తున్న వైపు ఆనించి, బటన్ నొక్కాలి. కొన్ని కార్లలో తాళం పెట్టడానికి సీట్ల మధ్య ఒక చోటు ఉంటుంది. ఎందుకంటే తాళంలో ఉన్న ఒక చిప్‌కి సెల్లుతో పనే లేదు. కారు పంపే తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబరు చెప్పేస్తుంది. సెల్లు తీస్తే తాళం కారుని మరిచిపోతుందేమో, మళ్ళీ ప్రోగ్రామింగ్‌కి వందలు పొయ్యాలేమో అన్న భయం కూడా వద్దు. చాలా తాళాల్లో ఆ వివరాలు సెల్లు తీసినా చెరగవు.

ఇక సెల్లు కొనడం. పాతది తీసి దాని మీద నంబరు చూసి, సరిగ్గా అదే కొను. ఎక్కువ తాళాల్లో సీఆర్ 2032 ఉంటుంది. ఇందులో 20 అంటే ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. నాతో గదిలో ఉన్న తణుకు అబ్బాయి చవగ్గా దొరికిందని 2025 తెచ్చాడు. వెడల్పూ అదే, మూడు వోల్టులూ అవే, మందం మాత్రం 2.5. రెండు రోజులు పనిచేసి, ఆ తర్వాత తాళం జేబులో కదిలినప్పుడల్లా ఆగిపోయేది. కొత్త టయోటాలు కొన్నింటికి ఇంకా పెద్దది, 2450 కావాలి. పేరున్న కంపెనీవి నాలుగైదు ఉన్న ప్యాకెట్ కొనుక్కో, ఒక్కోటి డాలరో రెండు డాలర్లో పడుతుంది. నలుగురు స్నేహితులు పంచుకుంటే మరీ మంచిది. మీ అమ్మగారు వచ్చేటప్పుడు ఇక్కణ్ణించి తెప్పించుకోవాలనుకుంటే, విడి లితియం సెల్లులు చేతి సంచిలోనే పెట్టమను. మిగతా నిబంధనలు ఎయిర్‌లైన్స్ సైట్‌లో ఉంటాయి.

నీకు చెప్పేముందు ఇవాళ పొద్దున్న మా బావగారి కారు తాళం అరుగు మీద కూర్చుని విప్పాను. బజారులో వాచీలు బాగుచేసే ఆయన దగ్గర సెల్లు దొరికింది. ఇనప తాళం లాగాక అక్కడ గోరు పట్టేంత గాడి కనబడుతుంది. స్క్రూడ్రైవరు మొనకి పల్చటి గుడ్డ చుట్టి ఆ గాడిలో పెట్టి మెల్లిగా తిప్పితే టిక్కుమని రెండు చిప్పలూ విడిపోతాయి. బలం చూపించకు, ప్లాస్టిక్ పళ్ళు విరిగితే తాళం మళ్ళీ మూసుకోదు. లోపలి రబ్బరు ముక్క ఎటువైపు ఉందో, సెల్లు మీద కూడిక గుర్తు పైకుందో కిందికుందో ఫోన్‌తో ఫొటో తీసుకో. బావగారి తాళంలో సెల్లుని పట్టుకునే రేకు మీద పచ్చగా చిలుము పట్టింది. మన ఉప్పుగాలికి, చొక్కా జేబులో చెమటకి అలా పడుతుంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, ఆరనిచ్చి కొత్తది వేశాను. అంతకుముందు గుమ్మం దాకా వెళ్ళి నొక్కాల్సిన బండి, ఇప్పుడు వీధి చివర నుంచే పలుకుతోంది.

సెల్లుని అంచులతో పట్టుకో, రెండు ముఖాల మీదా చేతి జిడ్డు అంటనీకు. కొన్ని కంపెనీలు పిల్లలు మింగకుండా చేదు పూత వేస్తాయి. కొత్తది వేసినా తాళం పలకకపోతే ఆ పూతని స్పిరిట్‌తో తుడిచి చూడు. నువ్వున్న ఇంట్లో చంటిపిల్ల ఉందని మీ నాన్నగారు చెప్పారు కాబట్టి ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: పాత సెల్లయినా సరే, బల్ల మీద వదలకు. పిల్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మింగిందన్న అనుమానం వస్తే చాలు, ఆసుపత్రికి పరుగెత్తాలి. డబ్బు లెక్క చూసుకోకూడని చోటు అదొక్కటే. తీసిన సెల్లుకి రెండు వైపులా టేపు అంటించి అందనిచోట పెట్టు, ఎక్కడ పారెయ్యాలో మీ కౌంటీ సైట్‌లో ఉంటుంది.

తాళాన్ని టీవీ, ల్యాప్‌టాప్ పక్కన పెట్టే అలవాటుంటే మానుకో, సెల్లు తొందరగా అరిగిపోతుంది. రెండో తాళం ఉంటే అందులోది కూడా ఇదే రోజు మార్చెయ్యి, రెండిటికీ ఒకటే వయసు కదా. ఆ నలభై డాలర్లు ఈ నెల అప్పు వాయిదాతో కలిపి పంపించు, మీ నాన్నగారికి నేను చెప్పి ఉంచుతాను.