గుమ్మడి, దోస పిందెలు నిలవాలంటే తేనెటీగల కోసం ఏ పూలు వేయాలి?

మిద్దె తోటలో గుమ్మడి, దోస పిందెలు పసుపెక్కి రాలుతున్నాయంటే చాలాసార్లు పుప్పొడి అందకే. పక్కనే నువ్వులు, ధనియాలు, కాస్మోస్ వేయండి. నువ్వు పువ్వు గంటలా ఉంటుంది. తేనెటీగ లోపలికి దూరి బయటికొచ్చేసరికి వీపంతా పుప్పొడే.

ధనియాలను అప్పడాల కర్రతో నలిపి, బద్దలు చేసి వేయాలి. నువ్వులు మరీ సన్నం కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు. అంగుళం లోతుకు పోతే మొలక పైకి రాలేదు. కాస్మోస్ వారంలో మొలుస్తుంది. మొక్కకీ మొక్కకీ అడుగు దూరం ఉంచి మిగతావి పీకేయండి. మనసొప్పదు గానీ, ఒత్తుగా వదిలేస్తే సన్నగా సాగి పడిపోతాయి.

నువ్వులు సుమారు 40 రోజులకు, కాస్మోస్ 50-60 రోజులకు పూస్తాయి. అందుకే గుమ్మడి గింజ పెట్టిన రోజే ఇవీ వేసి, 3 వారాలకు మరో విడత చల్లండి. పశువుల ఎరువు దట్టిస్తే ఆకే పెరుగుతుంది, పూత రాదు. ముద్దబంతి చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ రేకుల గుట్టలో ఈగకు తేనె అందదు, ఒంటిరేక బంతి తెచ్చుకోండి. వేపనూనె కొట్టాల్సొస్తే పొద్దుగూకాకే.