ఆగస్టులో వద్దు తమ్ముడూ, వినాయక చవితి అయ్యాక బయల్దేరండి

కూకట్‌పల్లి

చి|| తమ్ముడికి, అక్క దీవించి రాయునది.

నీ మెసేజ్ చూశాను. అమ్మాయి వాళ్ళు జూన్‌లో వస్తున్నారు, ఆగస్టు మొదటి వారంలో వాళ్ళతోపాటే మీరిద్దరూ డల్లాస్ వెళ్ళిపోతే దారిలో తోడు ఉంటుంది అంటున్నావు. తోడు సంగతి నిజమే. కానీ హైదరాబాద్ నుంచి అమెరికాకి ఏడాది మొత్తంలో టికెట్ మండిపోయే రోజుల్నే ఏరికోరి పట్టుకున్నావు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో మరదలు ఫోను లాక్కుని నన్ను కబుర్లలోకి దింపేస్తుంది, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

ఏ నెల చవక అని అందరూ అడుగుతారు గానీ, ఏ వైపుకి అని ఎవరూ అడగరు. భోగికి ముందురోజు హైదరాబాద్ నుంచి మీ గుంటూరు వచ్చే బస్సులో నిలబడ్డానికి చోటుండదు, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అదే రోజు గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులో కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. అమెరికా విమానాలదీ ఇదే వరస. జనం ఎటు పోతున్నారో కనిపెట్టి, మనం వాళ్ళకి ఎదురు పోవాలి.

మరి ఆ జనం ఎవరు? ఒకళ్ళు బడి పిల్లలున్న ఎన్నారైలు, రెండోవాళ్ళు చదువులకి వెళ్ళే కుర్రకారు. డల్లాస్ చుట్టుపక్కల బడులు మే నెలాఖరుకి మూసేస్తారు, ఆగస్టు రెండో వారం అటూ ఇటూగా తెరుస్తారు. న్యూజెర్సీలో అలా కాదు, మా మనవడికి జూన్ మూడో వారం దాకా బడే. మళ్ళీ తెరిచేది లేబర్ డే సెలవు అయ్యాకే, అది సెప్టెంబర్ మొదటి సోమవారం వస్తుంది. అందుకని టెక్సాస్ వాళ్ళు జులై ఆఖరు నుంచి, న్యూజెర్సీ వాళ్ళు ఆగస్టు చివరా తిరుగు ప్రయాణం కడతారు. సరిగ్గా ఆ మధ్యలోనే ఎమ్మెస్ పిల్లలు బయల్దేరతారు, ఎందుకంటే అక్కడ ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలు. ఆ రోజుల్లో ఓసారి శంషాబాద్ వెళ్ళి చూడు. ఒక్కో కుర్రాడి వెనక పదిమంది, ట్రాలీ మీద ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె, పెట్టె బరువు ఎక్కువైందంటే అక్కడే నేల మీద కూలబడి కారప్పొడి పొట్లాలు బయటికి తీస్తున్న తల్లి. ఇంతమందీ ఒకే నెలలో ఒకే వైపుకి పోతుంటే విమానం వాడు ధర ఎందుకు తగ్గిస్తాడు చెప్పు.

శీతాకాలంలో ఇంకో రద్దీ. డిసెంబర్ రెండో వారం నుంచి క్రిస్మస్ దాకా అక్కణ్ణించి ఇటు వచ్చేవాళ్ళు, జనవరి ఒకటి నుంచి సంక్రాంతి దాటేదాకా ఇక్కణ్ణించి అటు వెళ్ళేవాళ్ళు. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్ పిల్లలు కూడా ఆ రోజుల్లోనే కలుస్తారు.

దీన్ని తిరగేసి చూడు. అటు వెళ్ళడానికి సెప్టెంబర్ రెండో వారం నుంచి నవంబర్ దాకా విమానాలు కాస్త ఖాళీగా ఉంటాయి. జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారాల దాకా కూడా అంతే. ఇటు రావడానికి జనవరి ఆఖరు, ఫిబ్రవరి నెలలు బాగుంటాయి, ఆగస్టు రెండో సగం, సెప్టెంబర్ కూడా పర్వాలేదు. రానూపోనూ టికెట్ ధర రెండు తేదీల మీదా ఆధారపడుతుంది కాబట్టి వెళ్ళేది చవక రోజు చూసుకుని, వచ్చేది జూన్‌లోనో డిసెంబర్ ఇరవయ్యో తేదీనో పెట్టుకుంటే సగం లాభం అక్కడే పోతుంది.

అందుకే నా మాట విని, అమ్మాయి వాళ్ళని ఆగస్టులో పంపించేసి, మీరు ఇంట్లో వినాయక చవితి చేసుకుని బయల్దేరండి. సంక్రాంతి అక్కడే జరుపుకుని జనవరి ఆఖర్నో ఫిబ్రవరిలోనో వచ్చేయండి. ఆగస్టు టికెట్‌తో పోలిస్తే తేడా ఒకోసారి మనిషికి ఎంత వస్తుందంటే, ఆ మిగిలిన డబ్బుతో అక్కడ నలుగురూ కలిసి ఒక చోటు చూసి రావచ్చు.

డబ్బు ఒక్కటే చూసి చెప్పడం లేదు. ఆగస్టు డల్లాస్ అంటే మన గుంటూరు మే నెలే. గుమ్మం దాటితే వేడి మొహాన కొడుతుంది. మీకేమో పొద్దున్నే నడక అలవాటు, అక్కడ ఏసీలో తలుపులేసుకుని కూర్చుంటారు. పైగా మీరు దిగిన వారానికి మనవరాలికి బడి తెరుస్తారు, కూతురూ అల్లుడూ ఉద్యోగాల్లో పడతారు. కారు నడపడం రాని మనలాంటి వాళ్ళకి అక్కడ పగలు చాలా పొడుగు. అదే సెప్టెంబర్ మధ్యలో దిగితే ఎండ తగ్గుముఖం పడుతుంది. ఆ నెలాఖర్న డల్లాస్‌లో టెక్సాస్ స్టేట్ ఫెయిర్ మొదలవుతుంది, మూడు వారాలకి పైగా ఉంటుంది, మనవరాలితో వెళ్ళి చూడండి. దసరా, దీపావళి పిల్లల మధ్య జరుగుతాయి. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, ఆ వారమంతా అక్కడ చాలా బడులకి సెలవే. క్రిస్మస్‌కి మళ్ళీ రెండు వారాలు. మనవరాలు ఇంట్లో ఉండే రోజులు ఎక్కువగా దొరికేది ఈ కాలంలోనే. మహాలయ పక్షాల్లో నాన్నగారి తర్పణాల సంగతి ఎలా అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. డల్లాస్ దగ్గర్లోనే ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, ఇర్వింగ్‌లో డీఎఫ్‌డబ్ల్యూ హిందూ టెంపుల్ ఉంది. ముందుగా ఫోన్ చేసి పంతులుగారిని కనుక్కోమని అల్లుడికి చెప్పు.

చలికి మరదలు భయపడుతుందేమో. డల్లాస్ చలి స్వెటర్‌తో పోయేదే, ఎప్పుడో గానీ గట్టిగా పట్టదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయిన మాట నిజమే గానీ, అలాంటిది ఏటా రాదు.

ఇదే సలహా న్యూజెర్సీ వెళ్ళేవాళ్ళకి మాత్రం నేను ఇవ్వను. ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గర డిసెంబర్ గడిపినప్పుడు సాయంత్రం నాలుగున్నరకే సందె దీపం పెట్టాల్సి వచ్చేది. మధ్యాహ్నం కాఫీ గ్లాసు కడిగేలోపే కిటికీ బయట చీకటి. మీ బావగారు వాకింగ్ బూట్లు గుమ్మం దగ్గరే పెట్టుకుని, మంచు కరిగిందా లేదా అని గంటకోసారి బయటికి తొంగి చూసేవారు. ఆ వైపు వెళ్ళేవాళ్ళు మార్చిలో వెళ్ళి, ఆగస్టు చివరిలోనో సెప్టెంబర్ మొదట్లోనో వచ్చేస్తే ధరా కలిసొస్తుంది, వేసవీ దక్కుతుంది. ఒక్క చిక్కేమిటంటే ఆ ఏడాది ఆవకాయ పెట్టుకోవడం కుదరదు. ఆ బాధ నాకు ప్రతిసారీ ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్దాం, ఎండలు తప్పించుకోవచ్చు అని మీ కాలనీలో చాలామంది అంటారు. అందరూ అదే అనుకుంటారు కాబట్టే అప్పుడూ ధర దిగదు. ఆగస్టు అంత ఘోరం కాదులే.

ఇక టికెట్ కొనడం. ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేరువేరు డబ్బులు కట్టి ఉంటారు. సీట్లన్నీ చూడటానికి ఒకటే అయినా, కంపెనీ వాటిని ధరల వారీగా భాగాలు చేసి పెడుతుంది. చవక భాగం అయిపోతే దాని పై ధర చూపిస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చవక సీటు ఒక్కటే మిగిలి ఉండి, నువ్వు ఇద్దరికీ కలిపి వెతికావనుకో, చాలాసార్లు ఇద్దరికీ పై ధరే చూపిస్తుంది. అందుకని ఇద్దరికీ కలిపి ఓసారి, ఒక్కరికే అని ఓసారి వెతికి చూడు. తేడా ఉంటే విడివిడిగా కొని, రెండు పీఎన్ఆర్‌లూ కలిపి రాసుకోమని కంపెనీకి ఫోన్ చేయించు. తేడా వెయ్యో రెండు వేలో అయితే ఆ తలనొప్పి వద్దు, ఒకే టికెట్ మీద వెళ్ళండి.

కంపెనీలు దాదాపు పదకొండు నెలల ముందే అమ్మకం మొదలుపెడతాయి, కానీ అంత ముందు కొన్నందువల్ల ఒరిగేదేమీ లేదు. సెప్టెంబర్ ప్రయాణానికి మే నెలలో చూడటం మొదలుపెట్టు. వారానికోసారి చూస్తే ధర ఎక్కడ ఆడుతోందో నీకే తెలుస్తుంది. జూన్‌లో మంచి ధర కనపడగానే కొనేయి, ఇంకా తగ్గుతుందేమోనని నెలలు నెలలు కూర్చోకు. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అని ఎవరో వాట్సాప్‌లో పంపితే నమ్మకు. కొనే రోజు ఏదైనా ఒకటే, బయల్దేరే రోజు మాత్రం చూసుకోవాలి. శుక్ర, శని, ఆదివారాల కన్నా మంగళ, బుధవారాల విమానాలు తరచుగా తక్కువకి దొరుకుతాయి. మంగళవారం గడప దాటనని మరదలు పట్టుబడితే, సోమవారం మంచి గంట చూసుకుని ఒక సంచీ పక్కింట్లో పరస్థానం పెట్టించు. మన పెద్దవాళ్ళు ఇలాంటి వాటికే ఆ దారి ఉంచారు.

దారి విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. శంషాబాద్ నుంచి దోహా మీదుగా ఖతార్ వాళ్ళు, దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ వాళ్ళు డల్లాస్‌లో దింపుతారు. ఒక్కచోటే మారాలి. ఆ విమానాల్లో ఏ కాలంలోనైనా మన తెలుగువాళ్ళు కనిపిస్తారు, నువ్వు అనుకుంటున్న తోడు అక్కడ దొరుకుతుంది. టికెట్ కొన్నప్పుడే మరదలికి మోకాళ్ళ నొప్పులని చెప్పి వీల్‌చైర్ రాయించు, దానికి డబ్బు తీసుకోరు. మారే చోట మూడు, నాలుగు గంటలు ఉంటే హాయి. పదిహేను గంటలు పడిగాపులు పడే టికెట్ పదివేలు తక్కువైనా, మన వయసుకి అది చవక కాదు. ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కణ్ణించి వేరే టికెట్ అని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాడికి మీతో సంబంధం ఉండదు. అందులోనూ డిసెంబర్ ఆఖరు నుంచి జనవరి దాకా ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు, గంటల కొద్దీ విమానాలు కదలవు. మీ తిరుగు ప్రయాణం జనవరిలో పడితే ఆ ఊరు తగలకుండా చూసుకో.

న్యూజెర్సీలో మా వాడింటికి రావాలని ఉంటే థ్యాంక్స్‌గివింగ్ వారంలో పెట్టుకోవద్దు, అమెరికా అమెరికా అంతా ఆ వారమే కదులుతుంది. అక్టోబర్ రెండో సగంలో రండి, ఆకులు రంగులు మారి ఊరంతా ఎర్రగా, పసుప్పచ్చగా ఉంటుంది. ఇంకా బాగుండే పద్ధతి, వెళ్ళేటప్పుడు న్యూయార్క్‌లో దిగి, వచ్చేటప్పుడు డల్లాస్‌లో ఎక్కేలా ఒకే టికెట్ తీసుకోవడం. మల్టీ సిటీ అంటారు దాన్ని. ఒకే కంపెనీలో అయితే చాలాసార్లు మామూలు రానూపోనూ ధరకి పెద్ద తేడా ఉండదు. మధ్యలో న్యూజెర్సీ నుంచి డల్లాస్‌కి మాత్రం వేరే టికెట్, అక్కడి దేశవాళీ విమానాల్లో చాలా వరకు పెట్టెకి విడిగా డబ్బు కట్టాలి. అది కూడా కలిపి లెక్క వేసుకో.

వీసా పదేళ్ళది కదా అని ధైర్యంగా ఉండకు. దిగినప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళే, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే వాళ్ళ రాకపోకల రికార్డులో ఉంటుంది, దిగిన వారంలోనే అల్లుడిని ఆన్‌లైన్‌లో తీసి చూడమను. సెప్టెంబర్ మధ్యలో వెళ్ళి ఫిబ్రవరి మొదట్లో వస్తే గడువుకి ఇంకా నెల చేతిలో ఉంటుంది. ఇన్సూరెన్స్‌కి కూడా రోజుల లెక్కన, వయసు లెక్కన కట్టాలి. నీకు షుగర్ ఉందని దాచకుండా రాయించి, ముందు నుంచీ ఉన్న జబ్బులకి ఏ మేరకు ఇస్తారో చదివాకే డబ్బు కట్టు. మందులు ఉన్నన్నాళ్ళకీ సరిపడా, చీటీతో సహా, చేతి సంచీలోనే పెట్టుకోండి. పెట్టెలు మామూలుగా మనిషికి ఇరవై మూడు కిలోలవి రెండేసి ఇస్తారు గానీ, మరీ చవక టికెట్లలో కొన్నిట్లో ఒకటే ఇస్తున్నారు. పచ్చళ్ళ సంగతి మరదలు చూసుకుంటుంది, కరివేపాకు మాత్రం పెట్టొద్దని చెప్పు, అక్కడ కస్టమ్స్‌లో తీసి పారేస్తారు.

ఇదంతా మీకు తొందరేమీ లేదు కాబట్టి చెప్పిన లెక్క. రేపు అమ్మాయి రెండో పురుడు అని కబురొస్తే సీజనూ లేదు, ధరా లేదు, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొని వెళ్ళడమే.

అమ్మాయితో మాట్లాడి వాళ్ళ బడి క్యాలెండర్ ఒకటి పంపించమను. అది చేతికొచ్చాక వెళ్ళేందుకు రెండు తేదీలు, వచ్చేందుకు రెండు తేదీలు రాసి నాకు పెట్టు, మా అబ్బాయి చేత నాలుగు చోట్ల చూపిస్తాను. విమానానికి ముందురోజే మా ఇంటికి వచ్చేయండి, ఇక్కడ తూకం మిషన్ కూడా ఉంది.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క