136/84 అమెరికాలో బీపీ, ఇక్కడ కాదు: ఎవరి లెక్క నమ్మాలి?

మీ అమ్మగారికి 136/84 వచ్చిందని, ఇక్కడి డాక్టరుగారు మందు అక్కర్లేదన్నారని, అమెరికాలో ఉన్న మీ అక్కగారు మాత్రం అది బీపీయేనని పట్టుబడుతున్నారని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. కెనడాలో తొమ్మిదేళ్లు ఉండి, ఇప్పుడు నాన్నగారి కోసం నల్గొండ జిల్లాలోని మా ఊరికి వచ్చేశాను కనుక రెండు చోట్ల పద్ధతులనూ దగ్గరగా చూశాను.

అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు 2017లో బీపీ హద్దును 140/90 నుంచి 130/80కి దించాయి. దాంతో, ఎవరి రక్తనాళాల్లోనూ ఏ మార్పూ రాకుండానే, అక్కడి పెద్దవారిలో బీపీ ఉన్నవారి లెక్క సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి చేరింది. మన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 140/90 హద్దుతోనే లెక్కగట్టి, 15 ఏళ్లు దాటిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం అని చెప్పింది. హద్దులూ వయసులూ వేరైన ఈ అంకెలను పక్కపక్కన పెట్టి, మనమే ఆరోగ్యంగా ఉన్నామనుకోవడం పొరపాటు. పైగా ఆ 2017 మార్గదర్శకాలు కూడా 136/84 వచ్చిన ప్రతివారికీ మాత్ర రాయమనలేదు. షుగరు, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు ముప్పు ఉన్నవారికి మందు, మిగిలినవారికి ముందుగా ఉప్పు, బరువు తగ్గించుకోవడం, నడక అన్నాయి. మీ అక్కగారికీ డాక్టరుగారికీ తేడా వచ్చింది జబ్బు పేరు దగ్గరే తప్ప చికిత్స దగ్గర అంతగా కాదు.

దేశాల మధ్య అసలైన తేడా, బీపీ ఉందని తెలిశాక దాన్ని అదుపులో ఉంచడంలో కనిపిస్తుంది. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అన్ని దేశాలనూ 140/90 అనే ఒకే కొలతతో చూసింది. ప్రపంచం మొత్తం మీద బీపీ ఉన్న స్త్రీలలో 23 శాతానికి, పురుషులలో 18 శాతానికి మాత్రమే అది అదుపులో ఉంటే, కెనడా, దక్షిణ కొరియాలలో సగానికి పైగా రోగులకు అదుపులో ఉంది.

కారణం నా అనుభవంలో చూశాను. కెనడాలో నాకు బీపీ బయటపడినప్పుడు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చేవారు; అవి అయిపోయేలోగా మందుల షాపు నుంచే ఫోను వచ్చేది. అదే కాలంలో ఇక్కడ నాన్నగారు ఎనిమిది నెలలు మాత్ర వేసుకుని, 126/80 రాగానే "తగ్గిపోయింది కదా" అని మానేశారు. మాత్ర వేసుకోబట్టే ఆ అంకె వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వారం వారం ఫోను చేసే నేనూ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి.

మన దగ్గర ఈ లోటును పూడ్చే ప్రయత్నం లేకపోలేదు. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని ముందుగా చేపట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇప్పుడు నాన్నగారికి నెలకు సరిపడా మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇస్తున్నారు. ఒకసారి తేదీ దాటితే ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి అడిగింది.

మీ అమ్మగారికి వారం రోజులు ఉదయం, రాత్రి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాక బీపీ చూసి రాసిపెట్టండి. షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు కూడా చేయించి, ఆ కాగితాలన్నీ మీ డాక్టరుగారికే చూపించండి.